టెంకలు మొలిచిన శెనక్కాయ చేను

మొన్న చిత్తూరు నుంచి వస్తుంటే, దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర పులిసిన వాసన గుప్పున కారులోకి కొట్టింది. పక్కనున్న మనవరాలు ముక్కు మూసుకుని అద్దం ఎక్కించమంది. నేను ఎక్కించలేదు. నాకది మా చిన్నమ్మ వాసన. ఇలా అన్నానని తెలిస్తే ఆవిడే నన్ను తరిమి కొట్టేది గానీ, నిజం అదే.

ఎనభైల మొదట్లో మాట. మా చిన్నాయనకు పంపకాల్లో గుట్ట పక్క చేను వచ్చింది. ఏటేటా శెనక్కాయ పంట ఎండిపోతుంటే విసుగొచ్చి, చేను అమ్మేసి బెంగళూరులో మిల్లు పనికి పోతానన్నాడు. చిన్నమ్మకు ఊరొదలడం ఇష్టం లేదు. బతిమాలింది, అలిగింది, చివరికి ఒక్క పంట చూద్దామని ఒప్పించింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి. చేలు పంచుకున్నా అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం కాబట్టి, అన్నంతోపాటు ఆ మౌనం కూడా మా అందరి కంచాల్లో పడేది.

మా ఊరి దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు మామిడి తొక్కలూ టెంకలూ ఊరవతల కుప్పలు పోసేవారు. ఎవరైనా తీసుకుపోతే చాలనుకునేవారు. చిన్నమ్మ పుట్టింట్లో టెంకలు ఏరేసి, మిగతాది పేడతో, బూడిదతో కలిపి గుంతలో ఏడాది మగ్గబెట్టి చేలకు తోలేవారు. ఆవిడకు అంతా తెలుసు. కానీ చేతిలో ఉన్నది ఒక్క పంటాయె, ఏడాది ఎలా ఆగుతుంది? బండ్లకు బండ్లు పచ్చిదే తోలించి, కాస్త పేడ కలిపి దున్నించేసింది. ఊరంతా ఈగలు. మా నాయన అన్నం తింటున్నంతసేపూ విసనకర్ర ఆపేవాడు కాదు. మా అవ్వ మాత్రం, "మనం తిన్న్యాక మిగిలింది మన్ను తింటాది, తిననీండ్రా" అని కోడలి పక్కనే నిలబడింది.

వానలు పడ్డాయి. శెనక్కాయ మొలిచింది. దాంతోపాటు సాళ్ళ మధ్య ఎర్రెర్రటి లేతాకులతో మామిడి మొలకలు, చేను నిండా. దారిన పోయే ఒక పెద్దాయన ఆగి, "ఏమప్పా, శెనిక్కాయ ఏస్తివా, మామిడితోపు పెడ్తివా?" అని చిన్నాయన్ను అడిగాడు. చిన్నమ్మ గట్టు మీద కూలబడింది.

"తొందరపడి టెంకలేరకుండా తోలిస్తిని. అంతా నాశనం చేస్తిని" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కనే ఉన్న నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ బెంగళూరు పోతే నాకు జడ వేసేదెవరు?

చిన్నాయన చాలాసేపు చేను వైపు చూసి, ఫక్కున నవ్వాడు. నెలల తరబడి ఇంట్లో వినబడని నవ్వు. పంచె ఎగగట్టి సాల్లోకి దిగి ఒక మొలక పీకాడు. టెంకతోపాటు నల్లగా, మెత్తగా మారిన మన్ను పైకి వచ్చింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని పక్క సాలు పట్టింది. పొద్దుగూకేదాకా ఇద్దరూ పీకుతూనే ఉన్నారు. ఇంక ఇంటికి బయలుదేరతామనగా, ఆయన నడుం పట్టుకుని లేస్తూ, ఆవిడ వైపు చూడకుండానే అన్నాడు:

"ఏమ్మే, వచ్చే యేడు టెంకలు ముందే ఏరేద్దాం."

చిన్నమ్మ చేతిలోని మొలకలు కింద పడేయడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

పంట ఓ మోస్తరుగానే వచ్చింది. వాళ్ళు మాత్రం ఊరొదిలి ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఈ వయసులో నాకు 'వచ్చే ఏడు' అనాలంటే నోరు కాస్త తడబడుతుంది. ఆ సాయంత్రం మా చిన్నాయన ఆ మాట ఎంత తేలిగ్గా అనేశాడో తలచుకుంటే, అప్పట్లో మా దగ్గర కాలం ఎంత ఉండేదో కదా అనిపిస్తుంది.