మసక వేళకు ఆగే కారు

పోయిన వారం విజయవాడ వెళ్తూ చిల్లకల్లు దగ్గర టీ కోసం ఆగాను. హోటలు పక్కన ఎవరిదో పాత కారు బానెట్ ఎత్తి ఉంది. ఒకాయన చేతికి తడి గోనె చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. ఆవిరి బుస్సున లేచింది. తుప్పు నీళ్ళు కాగిన వాసన, దానిలో కలిసిపోయిన వేడి రబ్బరు వాసన నా ముక్కుకు తగిలాయి. చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఆ వాసన నా చీరలకు, జుట్టుకు, తినే అన్నానికి కూడా పట్టింది. ఆ వేసవిలో నన్ను అడవుల వెంట తిప్పిన మనిషి గురించి చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ నాకు మేలు చేశారో, నన్ను ప్రమాదంలోకి నెట్టారో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గట్టిగా తేల్చుకోలేకపోయాను.

వసుంధర గారు జగ్గయ్యపేటలో మేము పనిచేసిన ఆడపిల్లల హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్. అందరం పెద్ద మేడం అనేవాళ్ళం. ముక్త్యాల వైపు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసిన భర్త పోయాక ఆయన కారు ఆవిడకు మిగిలింది. అమ్మెయ్యమని చుట్టాలందరూ చెబితే, అమ్మకుండా నడపడం నేర్చుకున్నారు. నడిచి వెళ్ళగలిగినంత దూరానికి కూడా కారులోనే వచ్చేవారు. అప్పట్లో పేటలో కారు నడిపే ఆడమనిషి ఇంకెవరూ ఉన్నట్టు నాకు గుర్తులేదు. జనం చూస్తారనీ, ఏదో అంటారనీ ఆవిడకు పట్టింపు ఉండేది కాదు. సైన్సు పాఠాలు స్వయంగా చెప్పేవారు. స్టాఫ్ రూములో ఒకరోజు ప్రశ్న అడిగినందుకు కసిరేవారు, మర్నాడు ప్రశ్న అడగనందుకు కసిరేవారు. నేను నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చి తెలుగు చెప్పే కొత్త టీచర్ని. ఆవిడ మనసులో ఏముందో ఊహించడానికి ప్రయత్నించి, ఆ ఊహ తప్పైనప్పుడల్లా కంగారు పడటం నాకు ఉద్యోగంలో భాగమైపోయింది.

ఒకరోజు గదికి పిలిపించి, తలెత్తకుండానే "నీకు కారు నడపడం వచ్చా హైమా?" అని అడిగారు. రాదండి అన్నాను. "ఆదివారం పొద్దున్నే రా. నేర్పుతా" అన్నారు. నేనేమైనా తప్పు చేశానా, ఇది శిక్షా, లేక వేళాకోళమా అని ఆ వారమంతా ఆలోచించాను. శిక్ష కాదు, వేళాకోళమూ కాదు. ముక్త్యాల రోడ్డు మీద సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ ఎదురొస్తుంటే ఆవిడ పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చునేవారు. తిట్టేవారు కాదు. అలా చెయ్యి, ఇలా చెయ్యి అనీ పెద్దగా చెప్పేవారు కాదు. ఎదర ఏం కనబడుతోందో నన్ను చెప్పమనేవారు. ఎడ్లబండి వస్తోందండి అంటే, ఎంత దూరంలో, ఏ పక్క, తోలేవాడు మనల్ని చూశాడా అని అడిగేవారు. అన్నీ ఆవిడకూ కనబడుతున్నాయి కదా, మళ్ళీ నాతో ఎందుకు చెప్పిస్తున్నారని అనుకునేదాన్ని. మాస్టర్లకు ప్రశ్నలు అడగడం అలవాటు కాబోలని సరిపెట్టుకున్నాను. వేదాద్రి దాకా గేరు మార్చేటప్పుడు కుదుపు లేకుండా కారు నడిపిన రోజున, కృష్ణ ఒడ్డున నిలబడి, "వేసవి సెలవుల్లో అడవులు చూడ్డానికి వెళ్దాం" అన్నారు. అదేదో బజారుకు వెళ్దాం అన్నట్టు అన్నారు.

నల్లమల మీదుగా వెళ్ళి, మైసూరు దాటి, బందిపూర్, నాగరహొళె నేషనల్ పార్కులు చూసి రావాలన్నది ఆవిడ ఆలోచన. లాడ్జీల్లో దిగరు. బడిలో గైడ్స్ పిల్లల గుడారం ఒకటి ఉంది, అదే వేసుకుంటారు. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, పచ్చళ్ళు వెంట తీసుకెళ్తారు. మొత్తం నలుగురం. మేడంగారు, నేను, మా డ్రిల్లు టీచరు రాజ్యలక్ష్మి, మేడంగారికి హాస్టలు రోజుల నుంచి స్నేహితురాలైన మేరీ గారు. మేరీ గారు నందిగామలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా నాన్న కోర్టులో గుమాస్తా. పెళ్ళి కావలసిన పిల్లను పులులున్న అడవికి పంపడమేమిటని అమ్మ గొడవ చేస్తే, ఆయన ఎటూ చెప్పలేక పేపరులో తలదూర్చారు. పెద్ద మేడం స్వయంగా నందిగామ వచ్చి, మా ఇంట్లో భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ నాన్నతో ఒక్కమాట అన్నారు. "జాగ్రత్తగా తీసుకెళ్ళి జాగ్రత్తగా తీసుకొస్తానండి." అంత పెద్దావిడ మాట ఇచ్చాక కాదనడం నాన్నకు చేతకాలేదు.

దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగానే కారు మొదటిసారి మొరాయించింది. రేడియేటరు మరిగిపోయింది. అది నిజమైన జబ్బే, నలుగురం కళ్ళారా చూశాం. వాగులో అడుగంటిన నీళ్ళు బిందెతో మోసి పోశాం. ఆ పూట అడవి బంగళా ఆవరణలో గుడారం వేసుకున్నాం. రాజ్యం మేకులు దిగ్గొట్టింది, మేరీ గారు పప్పుచారు కాచారు. మేడంగారు చెట్ల పేర్లు చెబుతూ చిన్నపిల్లలా తిరిగారు. ఆవిడ అంతగా నవ్వడం నేను బడిలో ఎప్పుడూ చూడలేదు.

అక్కడి నుంచే నాకు అర్థంకాని వ్యవహారం మొదలైంది. మర్నాడు పొద్దున కారు ఒక్క పిలుపుకు లేచింది. పగలంతా గుర్రంలా పరిగెత్తింది. సూర్యుడు దిగి ఆకాశం ఎర్రబడేసరికి మేడంగారు మెల్లగా పక్కకు తీసి, "ఇంజను వేడెక్కింది. ఇక్కడే ఆగుదాం" అన్నారు. మామిడితోటలో గుడారం వేశాం. ఆ మర్నాడు కూడా అంతే. ఇంకో గంట పోతే ఊరొస్తుంది కదండీ అని రాజ్యం అంటే, ఇంజను సంగతి నీకు తెలుసా నాకు తెలుసా అని ఆవిడ నోరు మూయించారు. నేను వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగానే ఉంది. కానీ రోజంతా నడిచిన కారు చల్లగా ఎందుకుంటుంది? ఆవిరి లేదు, ఆ వాసనా లేదు. మేరీ గారి వైపు చూశాను. ఆవిడ స్టవ్వు పిన్ను వెతుక్కుంటున్నట్టు సంచీలో తలపెట్టారు. రాజ్యం నాతో, కారులో లోపం లేదు, మేడంగారికే ఏదో పట్టింపు ఉంది, సంధ్యవేళ ప్రయాణం కూడదని కాబోలు అంది. పట్టింపులు ఉన్న మనిషి కాదే అన్నాను. మరి నువ్వే చెప్పు అంది.

బందిపూర్‌లో రెండు రోజులున్నాం. జింకలు గుంపులుగా రోడ్డు దాటడం, నెమలి మా గుడారం తాడు మీద నుంచి ఎగరడం, అడవి గేదెలాంటి పెద్ద జంతువు మా వైపు చూసి మేం లెక్కలేనట్టు మేత కొనసాగించడం చూశాం. మూడోనాడు మధ్యాహ్నం అడవి దారిలో ఫ్యాను బెల్టు తెగింది. డిక్కీలో కొత్త బెల్టుంది. మేడంగారు చీర దోపుకుని తనే మార్చడానికి కూర్చున్నారు. బోల్టు ఎంతకీ కదలలేదు. ఒకరి తర్వాత ఒకరం పట్టి తిప్పాం. అటుగా ఏ బండీ రాలేదు. చివరికి బెల్టు ఎక్కేసరికి పొద్దు వాలిపోయింది. అక్కడ ఆగి గుడారం వేసే వీలు లేదు. చీకటి పడేలోగా గేటు దాటాలని ఫారెస్టు వాళ్ళు ముందే చెప్పారు.

మేడంగారు స్టీరింగు ముందు కూర్చుని కాసేపు కదల్లేదు. తర్వాత కారు కదిలించారు. కొంచెం దూరం పోగానే ఎడమ చక్రాలు రోడ్డు దిగి గులకరాళ్ళ మీదకు జారాయి. రాజ్యం కెవ్వుమంది. ఆవిడ బ్రేకు తొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "హైమా, నువ్వు తీసుకో" అన్నారు. నాకు అడవిలో రాదండి అన్నాను. "రోడ్డు ఎక్కడైనా రోడ్డే. దిగి ఇటు రా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆవిడ పక్క సీటుకు మారారు. నేను నడిపాను. లైట్ల వెలుతురు అంతంత మాత్రం. వంపు తిరగ్గానే నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. రోడ్డుకు అడ్డంగా, లైట్లు తిన్నగా పడేచోట ఏనుగులు నిలబడి ఉన్నాయి.

"ఎందుకాపావు?" అని అడిగారు మేడంగారు.

నేను తిరిగి ఆవిడ ముఖం చూశాను. ఆవిడ ముందుకే చూస్తున్నారు, ఏనుగులున్న వైపే. వెనక నుంచి రాజ్యం ఏనుగులండి అంది.

"ఎన్ని?"

ఇంతటి స్థితిలో కూడా నన్ను పరీక్ష చేస్తున్నారని అనుకున్నాను. ఏడుపొచ్చింది. అయినా ముక్త్యాల రోడ్డు అలవాటు నోటికి పట్టి ఉంది. పెద్దవి మూడండి, ఒక పిల్ల అన్నాను. పిల్ల ఏ పక్కనుందని అడిగారు. రోడ్డుకి ఎడమ పక్క. పెద్దవి? రెండు కుడి పక్క, ఒకటి రోడ్డు మీద. చెవులు ఆడిస్తున్నాయా, విప్పి పెట్టాయా అని అడిగారు. రోడ్డు మీదది విప్పి పెట్టిందండి అన్నాను.

"అయితే పిల్లకీ వాటికీ మధ్య మనం ఉండకూడదు. ఇంజను ఆపకు. హారను ముట్టుకోకు. మెల్లగా వెనక్కి తియ్యి. రాజ్యం, నువ్వు వెనక అద్దంలోంచి రోడ్డు చూసి చెప్పు."

రివర్సు నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. గేరు పడేటప్పుడు కారు ఒక్కసారి దగ్గింది. ఆ క్షణంలో ఇంజను ఆగిపోతే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. మేరీ గారి చెయ్యి నా భుజం మీద పడింది. ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు. రాజ్యం కొంచెం కుడికి, చాలు, నేరుగా అంటూ చెప్పింది. రోడ్డు మీదున్న ఏనుగు మా వైపు రెండడుగులు వేసి నిలబడింది. నేను ఏది జరిగితే అది చెబుతూనే ఉన్నాను. నిలబడిందండి, తల తిప్పిందండి, పిల్ల దాని దగ్గరకు వచ్చిందండి. మిగిలినవి రోడ్డు దాటి పొదల్లోకి దిగాక అదీ పిల్లను ముందు పెట్టుకుని వెళ్ళిపోయింది. కొమ్మలు విరిగే చప్పుడు ఆగేదాకా మేం కదల్లేదు. గేటు దాటాక కారు ఆపి దిగాను. మేడంగారు తలుపు పట్టుకుని దిగి, నా దగ్గరకు వచ్చి, "బాగా చెప్పావు" అన్నారు. బాగా నడిపావు అనలేదు. ఆ తేడా నాకు చాలాకాలం అర్థం కాలేదు.

నాగరహొళె చూడకుండానే వెనక్కి తిరిగాం. ఎందుకని ఎవరూ అడగలేదు. బడి తెరిచాక ఆవిడ మళ్ళీ పాత పెద్ద మేడమే. గ్రౌండు ఆ చివరన నిలబడ్డ పిల్ల జాకెట్టుకు గుండీ లేదని వరండాలోంచి పట్టేవారు. ఆ కళ్ళకు లోపముందని ఎలా అనుకోను? ఒకరోజు వరండాలో వెళ్తుంటే ఆవిడ క్లాసులో రేచీకటి గురించి చెప్పడం వినబడింది. మసక పడ్డాక చూపు ఆనదనీ, కొందరికి అది తిండి వల్ల, కొందరికి పుట్టుకతో వస్తుందనీ, ఆ రెండోదానికి మందు లేదనీ మామూలు గొంతుతో చెబుతున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. ఆవిడ నన్ను చూసి, క్లాసు లేదా నీకు అన్నారు. ఉందండి అని వెళ్ళిపోయాను. రాజ్యంతో చెప్తే, ఏమో, పాఠంలో ఉంది కాబట్టి చెప్పారు అంది. అదీ నిజమే.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ ముందుగానే రిటైరయ్యారు. కారు అమ్మేశారు. నందిగామలో మేరీ గారింట్లో ఉండసాగారు. నాకు పెళ్ళై, ఒక పాప పుట్టాక చూడ్డానికి వెళ్ళాను. అప్పటికి పగలు కూడా చూపు తగ్గింది. పాపను ఒళ్ళో పెట్టుకుని చెవులు, ముక్కు తడిమి చూశారు. అప్పుడు ధైర్యం చేసి అడిగాను, ఆ సాయంత్రాల్లో నిజంగా ఇంజను వేడెక్కేదా అని.

"కారూ బాగాలేదు, నేనూ బాగాలేను. ఏ రోజు ఎవరి మూలాన ఆగామో నాకే తెలీదమ్మా."

మరి తెలిసీ మమ్మల్ని ఎందుకు తీసుకెళ్ళారండీ అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వంటింట్లో మేరీ గారి గరిటె చప్పుడు ఆగింది.

"చూపు ఉండగా అడవి చూడాలనిపించింది. నువ్వు ఉన్నావుగా" అన్నారు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆ మాటను ఎన్నిసార్లు తిప్పుకున్నానో. మా నాన్నకిచ్చిన మాట ఆవిడ నా చేతుల మీద భరోసా పెట్టుకునే ఇచ్చారు. ఆ సంగతి నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదు. వెళ్ళకపోతే నన్ను నేను ఇంతగా నమ్మేదాన్ని కాదేమో. నమ్మి ఎంచుకున్నారా, ఇంకెవరూ దొరక్క ఎంచుకున్నారా? మళ్ళీ వెళ్ళినప్పుడు అడగాలనుకున్నాను. ఆ మళ్ళీ రాకముందే ఆవిడ పోయారు. మేరీ గారిని అడిగితే, "వసు అలాగే చేసేదమ్మా, నాక్కూడా ముందు చెప్పేది కాదు" అని కళ్ళు తుడుచుకున్నారు.

మా వారికి గుండె ఆపరేషను జరిగినప్పుడు డాక్టరు బయటికి వచ్చి ఏదో చెప్పగానే చుట్టూ అందరూ ఏడుపు అందుకున్నారు. నేను మాత్రం ఎన్ని రక్తనాళాలు పాడయ్యాయి, ఏ పక్కవి, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని ఒక్కొక్కటే అడిగి, మా అత్తగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ శాంతించారు. భయం పోలేదు, కానీ దాని ముందు నిలబడటం వచ్చింది. అది ఎవరు నేర్పారో తెలుసు. నేర్పిన తీరు తలుచుకుంటే కోపం వస్తుంది. ఆ కోపం తగ్గకముందే కృతజ్ఞత వస్తుంది. మా ఆయన ఏదో ఒకటి తేల్చుకోవే అంటారు. తేలడం లేదు. మా ఇంట్లో చీకటి పడ్డాక కారు నడిపేది మాత్రం ఇప్పటికీ నేనే.