నేలచూపుల మేడం

ఎవరింటికెళ్లినా ఆమె చూపు ముందు నేల మీదే. సిగ్గనుకుంటే పొరపాటు, వెతికేది పగుళ్లను. రంగూ వాసనా లేకుండా వాటిలోంచి ఇంట్లోకి పాకి, ఊపిరితిత్తులకు ఎసరు పెట్టే రాడాన్ వాయువు ఎక్కడెంతుందో మ్యాపు గీయడం ఆమె ఉద్యోగం. కింది గదిలో దాన్ని కొలిచే అగ్గిపెట్టెంత డబ్బా పెట్టి, మూడు నెలలయ్యాక తీసుకెళ్తుంది. సొంత అక్క ఇంట్లో ఆ డబ్బా తెరిచిన కిటికీలో కనబడింది.

"గాలి తగిలితే రాడాన్ పారిపోతుందని నీకెవరు చెప్పారు బావా?"

ఇల్లు అమ్మజూపుతున్న బావ గబగబా కిటికీ మూశాడు. ఆమె డబ్బా మళ్లీ గదిలో పెట్టింది. ఇంకో మూడు నెలలకు చూస్తే, ఈసారి లెక్క హద్దు దాటింది.

"మ్యాపులో ప్రమాదమని ఎర్రరంగేస్తే ఇల్లెవడు కొంటాడే? వదిలేస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఆ గదిలో పడుకునేది మా అక్క."

మ్యాపులో ఎరుపు నింపి, అక్క పరుపు చుట్టి, మేడమీదికి మోయడానికి ఒక కొస పట్టుకుంది. గొణుక్కుంటూనే రెండోది బావ పట్టాడు.