రూబీ సైకిలు వెనక చక్రం

గిద్దలూరులో రూబీ అద్దెకుండే గది ముందు చిన్న సిమెంటు గచ్చు ఉంది. పొద్దున లేవగానే ఆమె తన సైకిలును ఆ గచ్చు మీద తలకిందులుగా నిలబెడుతుంది. వెనక టైరును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పెడల్‌ను అరచేత్తో వెనక్కి నొక్కుతుంది. ఒంటి బరువంతా మోపి నొక్కుతుంది. ఏమీ కదలకపోతే సైకిలును మామూలుగా నిలబెట్టి, చేతులు కడుక్కుని, టీ పెట్టుకుంటుంది.

ఎదురింటి గోవిందమ్మకు ఈ తంతు చూడనిదే తెల్లవారదు.

"ఏంది పాపా, రోజూ దాన్ని అట్ల పల్టీ కొట్టిస్తావు? రాత్రికి రాత్రి దానికేమైతాదని?"

"ఏం కాదు పెద్దమ్మా. చూసుకుంటే మంచిది గదా."

"నా మొగుడు బతికున్న రోజుల్లో ఆయన్ని గూడా నేను ఇంత అనుమానంగా చూడలేదమ్మా!"

రూబీ నవ్వి లోపలికి వెళ్ళిపోతుంది. ఎందుకు చూసుకుంటుందో గోవిందమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

రూబీ సొంత ఊరు మార్కాపురం. నాయన ఇశ్రాయేలుకు స్టేషను రోడ్డులో సైకిలు దుకాణం. దుకాణమంటే నాలుగు రేకులు, ఒక పానాల పెట్టె, గాలి పంపు, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి. అమ్మ మగ్దలీనమ్మ పలకల యూనిట్లో చట్రాలు బిగించేది. డిగ్రీ అయ్యాక రూబీ కూడా అక్కడే పనికి కుదిరింది. రాయి కోసే మిషన్ల దగ్గర లేచే దుమ్ము సాయంత్రానికి కనురెప్పల మీద పేరుకునేది. అమ్మ దగ్గు రోజురోజుకూ పెరుగుతుంటే వింటూ, తాను ఆ దుమ్ములో ముసలిది కాకూడదని రూబీ అనుకునేది. అనుకోవడం తప్ప దారి తెలిసేది కాదు. ఇంటికొచ్చి ముఖం కడుక్కుని నాయన పక్కన కూర్చుని చక్రాల బెండు తీసేది. ఆ పని చేస్తున్నంతసేపు ఆమెకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు.

కరోనా వచ్చిన ఏడు యూనిట్ కొన్ని నెలలు మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు ఫోన్లో ఒక వీడియో చూసింది. హైదరాబాదు కుర్రాళ్ళు బ్రేకుల్లేని సన్నటి సైకిళ్ళ మీద తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద పందేలు కడుతున్నారు. మామూలు సైకిలుకు ఫ్రీవీల్ ఉంటుంది గనుక కాళ్ళు ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. వీటికి అది లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. ఆపాలంటే కాళ్ళతోనే వెనక్కి పట్టి ఆపాలి. వాటిని ఫిక్సీలంటారని వీడియో కిందే రాసి ఉంది.

రూబీ దుకాణం వెనక పడేసిన తుప్పు ఫ్రేము ఒకటి బయటికి లాగింది. ఫ్రీవీల్ పీకేసి ఆ స్థానంలో ఒట్టి పళ్ళచక్రం ఎక్కించి, అది జారకుండా దాని మీద ఒక రింగు బిగించింది. ఇశ్రాయేలు బీడీ కాలుస్తూ అంతా చూశాడు.

"బ్రేకులు పీకినావు, ఫ్రీవీల్ పీకినావు. ఆ సీటు గూడా పీకెయ్ బిడ్డా, ఒక పనైపోతాది."

"నువ్వు ఒకసారి తొక్కి మాట్లాడు నాయనా."

తొక్కాడు. స్టేషను దాకా పోయి వచ్చి దిగాడు. ఆరిపోయిన బీడీ అట్లాగే చేతిలో ఉంది. "కాళ్ళకు రోడ్డు తెలుస్తాంది" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోవడం ఆయనకు రాదు.

రెండో బండి కావ్య కోసం కట్టింది. కావ్య తర్లుపాడు రోడ్డు మీది పల్లె పిల్ల. వాళ్ళ నాయన కాశయ్య గొర్రెలు మేపుతాడు. కాలేజీకి సైకిలు మీద వచ్చే ఆ పిల్ల ఒకరోజు పంక్చరు వేయించుకోను వచ్చి, రూబీ బండి చూసి కదలకుండా నిలబడిపోయింది. "అక్కా, నాకు గూడా ఇట్లాంటిది కట్టవా?" అని అడిగింది. రూబీ తన చున్నీ అంచుతో ఆ పిల్ల కాలి పొడవు కొలిచి, చున్నీకి ముడి వేసి గుర్తు పెట్టుకుంది. తర్వాత ఎంతమందికి కట్టినా కొలత చున్నీతోనే. ముడులు చూసి మగ్దలీనమ్మ విసుక్కునేది: "ఇది కప్పుకునేదా, సైకిళ్ళ జాబితానా?"

బండ్లు పెరిగాయి. రిటైరైన డ్రిల్లు మాస్టారు ప్రభాకరరావు ఆదివారాలు పందేలు పెట్టడం మొదలుపెట్టాడు. కోర్టు సెంటర్లో బయలుదేరి, ఊరి బయట పలకల తుక్కు గుట్టలను చుట్టి, మళ్ళీ కోర్టు సెంటరుకు రావాలి. చర్చి గంట కొట్టేలోపు అయిపోవాలి. లేకపోతే సగం మందికి ఇళ్ళలో తిట్లు.

మొదట్లో ఒకసారి అశోక్ అనే కుర్రాడు గుట్టుగా ఫ్రీవీల్ వేసుకొచ్చి, దిగుడులో కాళ్ళు ఆపి హాయిగా కూర్చుని గెలిచాడు. అప్పుడు మాస్టారు ఒక కట్టుబాటు పెట్టాడు. పందేనికి ముందు ఎవరి వెనక చక్రం వాళ్ళు చూసుకోకూడదు. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. జోడీ నీ బండి పల్టీ వేసి, పెడల్ వెనక్కి నొక్కి చూసి, "పట్టింది" అని అందరికీ వినబడేట్టు చెప్పాలి. ఆ తర్వాత నువ్వు మళ్ళీ ముట్టుకుంటే జోడీని అవమానించినట్టు.

"అనుమానముంటే జోడీని మార్చుకోండిరా. చక్రం మాత్రం ముట్టుకోవద్దు" అనేవాడు మాస్టారు.

మోసం పట్టుకోను పుట్టిన కట్టుబాటు క్రమంగా ప్రాణాలు కాపాడేదిగా మారింది. ఈ బండికి పళ్ళచక్రమే బ్రేకు. ముందుకు తొక్కేకొద్దీ అది బిగుస్తుంది. వెనక్కి పట్టినప్పుడల్లా విప్పుకోవాలని చూస్తుంది. అందుకే రూబీ మామూలుగా దానికి ఒక చుక్క వెల్డింగు పెట్టిస్తుంది. కానీ వెల్డింగు పెడితే ఇక మార్చడం కుదరదు.

రూబీకి జోడీ కావ్య, కావ్యకు జోడీ రూబీ. అందరి కంటే వాళ్ళిద్దరే వేగం. గెలిచేది మాత్రం ఎప్పుడూ రూబీనే. కావ్య ఆమె వెనక చక్రాన్ని చూస్తూ రెండోదిగా వచ్చేది. "అక్కా, నీ వెనక టైరు మీద ఎన్ని గాట్లున్నాయో నాకు తెలిసినట్టు నీకు గూడా తెలియదు" అని నవ్వేది.

రెండేళ్ళ కింద గుంటూరు నుంచి ఒక సైక్లింగ్ క్లబ్బు కోచ్ వచ్చాడు. ముందు శనివారమే దుకాణానికి వచ్చి బండ్లన్నీ చేత్తో తడిమి చూశాడు. "మా పిల్లలకు ప్రాక్టీసు బండ్లు కావాలమ్మా. రేపు పరుగు చూసి చెప్తాను. నిలబడితే కట్టే పని నీదే. గెలిచినవాళ్ళలో ఒకరిని ట్రైనింగుకు కూడా తీసుకుపోతాం" అన్నాడు.

రూబీకి ట్రైనింగు మాట చెవికెక్కలేదు. కట్టే పని నీదే అన్న మాటే ఎక్కింది. బండ్లు కడుతూ బతకొచ్చని మొదటిసారి ఒకరు నోటితో అన్నారు. యూనిట్ మానేయొచ్చు, అమ్మను కూడా మాన్పించొచ్చు.

ఆ సాయంత్రం తన బండికి పాత పళ్ళచక్రం తీసి, ఇంకా వేగం వచ్చే చిన్న పళ్ళచక్రం ఎక్కించింది. నచ్చకపోతే మార్చుకోవచ్చని వెల్డింగు పెట్టించలేదు. కొత్తగా ఎక్కించిన పళ్ళచక్రం నాలుగు మైళ్ళు తొక్కాక కాస్త కుదురుకుంటుంది, అప్పుడు రింగు మళ్ళీ ఒకసారి బిగించాలి. ఆ సంగతి జోడీ చూసుకుంటుంది కదా అనుకుంది.

ఆదివారం కోర్టు సెంటర్లో ఆ మాటే కావ్యకు చెప్పింది. "చుక్క పెట్టలేదే. ఇంటినుంచి తొక్కుకుంటా వచ్చినా. గట్టిగా చూడు, పానా సంచిలో ఉంది."

"సరే అక్కా."

రూబీ కావ్య బండి పల్టీ వేసి చూసి "పట్టింది" అంది. కావ్య రూబీ బండి చూసింది. రెండుసార్లు నొక్కింది. సంచి వైపు ఒకసారి చూసి, చెయ్యి పెట్టకుండానే తల ఎత్తి, "పట్టింది" అంది.

ఎప్పటిలాగే రూబీ ముందుంది. చిన్న పళ్ళచక్రం ఆమె అనుకున్నట్టే పరిగెత్తింది. తుక్కు గుట్టల దగ్గర మలుపు వచ్చింది. కాళ్ళు వెనక్కి పట్టింది. ఒక్క క్షణం పట్టినట్టే పట్టి, కాళ్ళ కింద ఏదో వదిలేసింది. పెడళ్ళు గాలిలో తిరిగినట్టు వెనక్కి తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆ బండి మీద ఆమె కాళ్ళకు ఎన్నడూ తెలియని ఖాళీ అది. మలుపు తిరగలేక నేరుగా వెళ్ళి పలక ముక్కల గుట్టలో పడింది. గూడ ఎముక విరిగింది. మోచేతి నుంచి మణికట్టు దాకా పలక పెచ్చులు కోసుకుపోయాయి. పక్కనుంచి ఒక బండి దూసుకుపోవడం వినబడింది. ఆ చైను చప్పుడు ఎవరిదో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. అది కట్టింది తనే.

కావ్య గెలిచింది. కోచ్ రూబీని ఆసుపత్రి దాకా తీసుకొచ్చి, మంచివాడు కనుక మెత్తగానే చెప్పాడు. "రోడ్డు మీద చక్రం వదిలే బండి పిల్లలకు ఎలా ఇస్తానమ్మా?" కావ్యను ట్రైనింగుకు తీసుకుంటామన్నాడు.

ఊళ్ళో ఆ మాట పాకింది. అశోక్ తన బండి దుకాణానికి తెచ్చాడు. "ఇశ్రాయేలు మామా, దీనికి ఫ్రీవీలూ బ్రేకులూ వెయ్యి. మా అమ్మ ఏడుస్తాంది." తర్వాత ఇంకొకరు. ఇశ్రాయేలు ఒక్కో బండికీ బిడ్డ ఎక్కించిన పళ్ళచక్రం విప్పి డబ్బాలో వేశాడు. ఆ చప్పుడు వినలేక రూబీ కట్టు కట్టిన చేత్తో లోపలి గదిలో కూర్చునేది.

కావ్య పాలచెంబు తీసుకుని చూడను వచ్చింది. చాలాసేపు మంచం కోడు గోకుతూ కూర్చుంది.

"నొప్పిగా ఉందా అక్కా?"

"రింగు ఎట్ల వదిలిందో అర్థం కాలేదే. నువ్వు చూసినాక గూడా."

"అర పన్నంత కదిలింది అంతే. చివరిదాకా ఆగుతాదిలే అనుకున్నా..."

అని ఆగిపోయింది. రూబీ తల తిప్పి చూసింది.

"కదిలిందా? నీకు తెలుసా?"

కావ్య తల వంచుకుంది.

"నేను విప్పలేదు అక్కా. ఒట్టు. కదిలింది, చెప్పలేదు, అంతే. మలుపు కాడ నువ్వు కాస్త భయపడి తగ్గుతావనుకున్నా. పడతావనుకోలేదు."

"నాకు పందెం ఎందుకే? ఏ బండి గెలిచినా నేను కట్టిందే గదా. ఒక మాట అడిగుంటే వెనకబడేదాన్ని."

"అడిగి గెలిస్తే అది గెలుపెట్లైతాది?"

ఆ ప్రశ్న ఆ పిల్ల నిజంగానే అడిగింది. ఎగతాళిగా కాదు. రూబీ కట్టు కట్టిన చేతిని దిండు మీదికి జరుపుకుంది. ఒక్కటే అడిగింది. "అందరూ బండి మంచిది కాదంటున్నారు. ఆదివారం మాస్టారు ముందు జరిగింది చెప్పు. నిన్ను తిట్టమని కాదు. బండిని అననియ్యకు. చాలు."

"చెప్తా అక్కా. తప్పకుండా చెప్తా."

ఆదివారం చెయ్యి మెడకు వేలాడదీసుకుని రూబీ కోర్టు సెంటరుకు నడిచి వెళ్ళింది. ఫిక్సీలు మూడే మిగిలాయి. మాస్టారు అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. "కావ్యా, జోడీవి నువ్వు. రూబీ బండి నువ్వు చూసినప్పుడు ఎట్లుండింది?"

కావ్య కొత్త బూట్లు వేసుకుంది. మరుసటి వారమే గుంటూరు ప్రయాణం. రూబీ వైపు చూడకుండా మాస్టారి వైపే చూస్తూ చెప్పింది.

"నేను చూసినప్పుడు పట్టింది సార్."

"గట్టిగానా?"

"గట్టిగానే సార్."

అశోక్ గొణిగాడు. "జోడీ ఏం చేస్తాది పాపం, బండిలోనే లోపముంటే."

రూబీ నోరు తెరిచింది. కానీ ఏం చెప్పాలి? నాతో వేరేగా చెప్పిందనాలి. జోడీ మాటను కాదనాలి. ఆ కట్టుబాటును మొదటినుంచీ అందరికంటే గట్టిగా పాటించింది తనే. జోడీ మాట కాదంటే ఆ గుంపులో ఎవరూ ఇక ఎవరినీ నమ్మరని ఆమెకు తెలుసు. తెలిసి నోరు మూసుకుంది. కావ్యకు కూడా అది తెలుసన్న సంగతి ఇంటికి నడిచొస్తుంటే అర్థమైంది. ఆ పిల్ల ధైర్యమంతా దాని మీదే.

ఇంటికి రాగానే ఇశ్రాయేలు ఆమె ముఖం చూశాడు. "ఆ పిల్ల చెప్పలేదా?" అన్నాడు. అంటే ఆయనకు తెలుసు. కావ్య చూడను వచ్చిన రోజు గోడ అవతలినుంచి విన్నాడు.

"లేదు నాయనా."

"నేను పోయి చెప్పనా?"

"నువ్వు చెప్తే, బిడ్డ కోసం అబద్ధమాడినాడంటారు."

ఆయన పానా తీసి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. ఆ రోజు దుకాణం తెరవలేదు.

ఆ తర్వాత రూబీ మార్కాపురంలో ఒక్క ఫిక్సీ కూడా కట్టలేదు. అడిగినవాళ్ళూ లేరు. చెయ్యి కుదిరాక మళ్ళీ యూనిట్‌కు పోబోతుంటే, గిద్దలూరులో సైకిళ్ళు అమ్మే ఒక దుకాణానికి బెండు తీసే మనిషి కావాలని తెలిసి వచ్చేసింది. చిన్నపిల్లల సైకిళ్ళు బిగించడం, గేర్ల సైకిళ్ళకు కేబుళ్ళు మార్చడం అక్కడ ఆమె పని. మగ్దలీనమ్మ ఇంకా యూనిట్‌కు పోతూనే ఉంది.

కావ్య ఇప్పటికీ పందేలకు పోతోంది. పేపర్లో ఒకసారి ఫొటో వచ్చింది. రూబీ చూసింది. క్లబ్బు కొత్త బండి ఇచ్చి ఉంటుందనుకుంది గానీ, ఫొటోలో ఉన్నది తాను కట్టిందే. సీటు కింద గొట్టం మీది సొట్ట అట్లాగే ఉంది. కాశయ్య గొర్రె పొడిచి చేసిన సొట్ట అది. పేపరు మడిచి కౌంటరు మీద పెట్టి, ముందున్న పిల్లవాడి మూడు చక్రాల బండికి బెల్లు బిగించింది.

రూబీ సైకిలు ఇప్పటికీ ఫ్రీవీల్ లేనిదే. ముందు చక్రానికి మాత్రం బ్రేకు వేసుకుంది. దుకాణానికి పోవడానికీ రావడానికీ అదే. ఆదివారం దాన్ని బయటికి తీయదు. చర్చికి నడిచి వెళ్తుంది.