కుంకుళ్ళ రాయి

షాంపూ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది. చిలకలూరిపేటలో మేముండే వీధి మురుగుకాలవలో నీళ్ళకంటే షాంపూ పాకెట్లే ఎక్కువ. రిటైరై బడిలో పాఠాలు చెప్పడం మానేశాక ఇంట్లో చెప్పడం మొదలుపెట్టానని మా అబ్బాయి ఎగతాళి చేస్తాడు. చేస్తే చేశాడు. పాత పంచెలు చింపి సంచులు కుట్టాను. గిన్నెలు తోమడానికి నిమ్మతొక్కలు, బెల్లం కలిపి సీసాలో పులియబెట్టాను. ఆ సీసా మూత ఒక మధ్యాహ్నం ఢామ్మని ఎగిరి వంటింట్లో పైకప్పుకి కొట్టుకుంది. మా కోడలు ఒక్క మాటైనా అనకుండా స్టూలెక్కి మరకలు తుడిచింది. ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ గుచ్చింది.

కోడలు స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది. నెమ్మదస్తురాలు. కానీ మన పాత పద్ధతులంటే ఆమెకు చిన్నచూపని నా మనసులో గట్టిగా పడిపోయింది. ఆమె ఏనాడూ అలా అనలేదు. నాకు నేనే అనేసుకున్నాను.

సంచులూ సీసాలూ సరే, నా అసలు కోరిక ఒక్కటే. ఆరేళ్ళ మనవరాలికి నా చేతులతో కుంకుడు రసంతో తలంటి పోయాలి.

ఎందుకంత పట్టుదలంటే, మాది కనిగిరి వైపు పల్లె. మిరప కోతల రోజుల్లో మా అమ్మ వారమంతా చేలోనే ఉండేది. నన్ను తీరిగ్గా దగ్గర కూర్చోబెట్టుకునేది ఒక్క ఆదివారం తలంటుకే. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన రాతి మీద కుంకుళ్ళు చితక్కొట్టి, నల్లగింజలు నాకు ఆడుకోడానికిచ్చి, పెంకుల్ని వేణ్ణీళ్ళలో నానేసి పిసికేది. గిన్నె నిండా నురగ పొంగేది. కాస్త పుల్లగా, కాస్త మట్టిగా ఉండే ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. రసం కళ్ళలో పడితే నేను ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. "చాల్లేవే, చచ్చిపోతున్నట్టు!" అంటూనే అమ్మ పైటకొంగు ముద్దచేసి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊది, నా కంటికి అద్దేది. ఆ వెచ్చదనం కోసం మంట లేకపోయినా ఏడ్చిన రోజులున్నాయి.

కోడల్ని బతిమాలగా బతిమాలగా జనవరిలో ఒక ఆదివారం ఒప్పుకుంది.

"ఒక్కసారికి సరేనండి అత్తయ్యా. పాప భయపడి ఏడిస్తే మాత్రం మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

"ఏడవనిస్తానా అమ్మాయ్! నువ్వే చూద్దువుగాని," అన్నాను.

పొద్దున్నే లేచి మా అమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న రోలు కడిగాను. కుంకుళ్ళు దంచాను. నానేసి, పిసికి, వడకట్టాను. నురగ చూసి పిల్ల చప్పట్లు కొట్టింది. పీట మీద కూర్చోబెట్టి రసం తల మీద పోసి రుద్దుతుంటే మా అమ్మ నా చేతుల్లోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది.

పిల్ల కెవ్వున అరిచింది.

"కళ్ళు మూసుకో బంగారం, కుంకుడు రసం అంతే, కాస్త మండుతుంది."

"కళ్ళే కాదు నానమ్మా! చెవులు! మెడ! అంతా మండుతోంది!"

"ఓర్చుకోవాలి తల్లీ. నేనూ ఓర్చుకున్నాగా," అంటూ రుద్దుతూనే ఉన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. పిల్ల మెడ ఎర్రగా కందిపోతోంది. నేను మాత్రం నా చిన్నతనంలో ఉన్నాను.

కోడలు పరుగున వచ్చి పిల్లను నా చేతుల్లోంచి లాక్కుంది. చెంబులకొద్దీ చన్నీళ్ళు పోసింది. పిల్లను చంకనెత్తుకుని, వంగి రోలు వాసన చూసింది.

"అత్తయ్యా, ఇందులో ఏం దంచారు?"

గురువారం పండు మిరపకాయలు దంచాను, కొరివికారం పెట్టడానికి. కడిగాననే అనుకున్నాను. రాతి రంధ్రాల్లో దిగిన కారం నీళ్ళకు పోతుందా? మిరప పండించే ఇంట పుట్టిన దాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు? నా అరచేతులు అప్పుడు మండడం మొదలుపెట్టాయి.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మకు రెండుండేవి. వంటింటి రోలు వేరు, తొట్టి పక్కనున్న ఆ గుంట రాయి వేరు. ఒకసారి నేను ఎండుమిరపకాయ తెచ్చి ఆ గుంటలో నూరబోతే వీపు చిట్లగొట్టింది. "కారం దీని దగ్గరికి రాకూడదు, తెలిసిందా?" అంది. ఇల్లు అమ్మినప్పుడు రోలు తెచ్చుకున్నాను. ఆ రాయి ఎందుకులే అని పెరట్లోనే వదిలేసి వచ్చాను. నురగ గుర్తుంది, వాసన గుర్తుంది, దెబ్బ మాత్రం మర్చిపోయాను.

లోపల గదిలో కోడలు పిల్ల మెడకు పెరుగు రాస్తోంది. కళ్ళింకా మండుతున్నాయని పిల్ల వెక్కుతుంటే, కోడలు చున్నీ కొస ముద్దచేసి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊది, కంటికి అద్దింది. ఒకసారి కాదు, పదిసార్లు. నేను గుమ్మంలోంచి అదంతా చూశాను.

"ఎవరు నేర్పారమ్మాయ్ నీకది?"

"మా అమ్మండి. మాకూ చిన్నప్పుడు కుంకుళ్ళేగా."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా అత్తయ్యా."

పెరట్లోకొచ్చి కూలబడ్డాను. ఏడుపొచ్చింది, చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఆ చేత్తోనే! ఇక చూడండి నా అవస్థ. "అమ్మో, అమ్మో" అంటుంటే పిల్ల తడిజుట్టుతో వచ్చింది. గౌను అంచు ముద్దచేసి బుస్సుబుస్సున ఊది, నా కంటికి నొక్కింది.

"కదలకు నానమ్మా."

"నాదే తప్పు తల్లీ. నువ్వు నిజమే చెప్పావు, నేనే వినలేదు," అన్నాను. పిల్ల రెండో కంటికి ఊదడంలో మునిగిపోయి ఉంది.

మాటంటే మాటే. కుంకుళ్ళ డబ్బా అటక మీద పెట్టేశాను. ఆ ఊసే ఎత్తలేదు. లోపల మాత్రం అమ్మ రెండోసారి పోయినంత దిగులుగా ఉండేది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున పెరట్లో టక్‌టక్‌మని చప్పుడు. వెళ్ళి చూస్తే కుళాయి పక్కన నున్నటి నల్లరాయి ముక్క. మార్టూరు గ్రానైటట, మా అబ్బాయితో తెప్పించిందట. కోడలు దాని ముందు గొంతుక్కూర్చుని కుంకుళ్ళు కొడుతోంది.

"ఇది వీటికి మాత్రమేనండి. కారం దీని దగ్గరికి రాకూడదు," అంది తలెత్తకుండా. "కొట్టడం నా పని, రుద్దడం మీ పని."

పిల్ల పీట మీద కూర్చుంది. రసం గిన్నె అందుకోబోతే, "ఆగు నానమ్మా," అని నా రెండు చేతులూ లాగి, అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసింది. వేళ్ళ సందులు కూడా వదల్లేదు.

"కారం లేదు," అంది వాళ్ళమ్మతో. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, తల నా చేతుల్లోకి వంచింది.