అన్న బదులు పొర్లుదండం

మద్రాసు పెద్దాసుపత్రిలో తలలోని గడ్డను తీసివేసిన తరువాత మా అన్నకు పోయిన చూపు తిరిగివచ్చింది. పొదటూరుపేటలోని మా ఇంట్లో అతడు మళ్ళీ మగ్గం గుంటలోకి దిగి కూర్చున్ననాడు అమ్మ వీధిలో అందరికీ చక్కెర పంచింది. అవి పంతొమ్మిదివందల ఎనభైల తొలి సంవత్సరాలు. నేతపని తప్ప మరొకటి ఎరుగని మా కుటుంబంలో పట్టభద్రుడైన మొదటివాణ్ణి నేను. తిరువళ్ళూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉంటూ, సెలవు దొరికితే ఇంటికి వచ్చేవాణ్ణి.

అలా వచ్చిన ఒకనాడు, తెగిన పోగును ముడివేయడానికి అన్న ముందుకు వంగగానే అతని ముక్కు నుండి నీరు బొట్లు బొట్లుగా జారడం చూశాను. జలుబు నీరు కాదు, తేటగా ఉంది. గొంతులోకి దిగితే ఉప్పగా ఉంటుందని అన్న చెప్పాడు.

“ఏం బామ్మర్దీ, మన వీధికి రాని పంచాయతీ కొళాయి నీ ముక్కులోకి వచ్చిండాదే!” అన్నాడు పక్కనే కూర్చున్న మా అక్క భర్త.

“బిందె తీసుకొని రా బావా, ముందు నీకే పట్టిస్తా,” అన్నాడు అన్న.

అమ్మకు మాత్రం ఆ నీరు శుభసూచనగానే తోచింది. పుండు మానాలంటే లోపలిది బయటికి పోవాలి గదా అన్నది ఆమె నమ్మకం. “గడ్డలో మిగిలిన చెడ్డనీరురా అది. పోతే పోనీ, చుమ్మా ఊరికే ఉండు,” అన్నది.

నా మనసు ఊరుకోలేదు. అన్నను వెంటబెట్టుకొని మద్రాసు వెళ్ళాను. డాక్టరు అతణ్ణి కూర్చోబెట్టి, ఒక చిన్న స్టీలు గిన్నె మీదికి తల వంచమని, బొట్లు పడడం చూశాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని నేను అన్నకు తెలుగులో చెప్పాను. అది మెదడు చుట్టూ ఉండవలసిన నీరు. శస్త్రచికిత్స జరిగిన చోట, ముక్కుకు పైనున్న పొరలో సందు మిగిలిపోయింది. నీరు బయటికి వచ్చే దారినే క్రిములు లోపలికి పోగలవు. తల ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి, వంగరాదు, ముక్కు చీదరాదు. అప్పటికీ ఆగకపోతే మళ్ళీ ఆపరేషను చేసి ఆ సందును మూయాలి. ఆనాడే ఆసుపత్రిలో చేరమన్నాడు.

అన్న చేరలేదు.

“బతికి బయటపడితే తిరుత్తణి కొండ మీద పొర్లుదండం పెడతానని మొక్కినాను. అది తీర్చకుండా ఇంకోసారి కత్తి కింద పడుకుంటే సామి యాడ కాపాడతాడురా?”

“పొర్లితే తల కిందికి పోతాది గదన్నా! ఆయన వంగనే వద్దంటా ఉండాడు.”

“చదివినోళ్ళకు అన్నీ భయమే.”

ఇంటికి వచ్చాక అమ్మే ఒక దారి చూపింది. మంచం పట్టినవారి మొక్కును తోబుట్టువులు తీర్చడం మా వాళ్ళలో ఉంది. “ఒక కడుపున పుట్టినోడు పొర్లినా చెల్లుతాది,” అన్నది. తన బదులు నేను పొర్లేటట్టు, మరునాడే తాను ఆసుపత్రిలో చేరేటట్టు అన్న ఒప్పుకున్నాడు.

తిరుత్తణి కొండ మీద తడిబట్టలతో నేను గుడి చుట్టూ పొర్లాను. దారి తప్పకుండా బావ నన్ను మళ్ళిస్తున్నాడు. అన్న తువ్వాలు ముక్కుకు అదుముకొని నిలువుగా నడుస్తున్నాడు. ప్రదక్షిణం పూర్తయి నేను కళ్ళు తిరిగి కూలబడి ఉండగా, అతడు సన్నిధి ఎదుట సాష్టాంగపడ్డాడు. బావ పరుగున పోయి లేవనెత్తాడు.

“మొక్కింది నేను. సామి నా మొగం చూడొద్దా?” అన్నాడు అన్న. అతని ముఖం ఆనిన చోట రాయి తడిసి ఉంది.

తెల్లవారేసరికి అన్నకు జ్వరం, తలనొప్పి. మెడ కొయ్యబారింది. అద్దె కారులో మద్రాసు చేర్చాము. క్రిములు మెదడు పొరలకు చేరాయన్నారు. అన్న మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ ఒక్క సాష్టాంగమే కారణమా అని డాక్టరును అడిగాను. అన్నాళ్ళుగా నీరు కారుతుండగా అది ఏనాడైనా జరగవచ్చునని మాత్రమే ఆయన అన్నాడు.

“వాడే పొర్లి ఉంటే సామి వాడి చెయ్యి విడిచిపెట్టి ఉండడు,” అని అమ్మ పరామర్శకు వచ్చిన వాళ్ళందరితో అంటూ వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె ఎదుట కూర్చుని, డాక్టరు నాకు చెప్పినదంతా వరుసగా చెప్పాను. అంతా విన్నది.

“వాడికి నొప్పి తెలిసిందా?” అని అడిగింది.

“స్పృహ లేదమ్మా,” అన్నాను.

చివరి రోజుల మట్టుకు అది నిజమే. కారు గుంతలో పడినప్పుడల్లా అతడు రెండు చేతులా తల పట్టుకొని, “మెల్లగా పొమ్మను తమ్ముడా,” అని నన్ను బతిమాలుతూ వచ్చిన సంగతి ఇంట్లో ఉండిపోయిన ఆమెకు తెలియదు.