లెక్కల సారుకు బరిగెలు నేనే తెచ్చిన

బాపిరాజు సారు రాక్షసుడని అందరంటరు. పదకొండేండ్లు ఆయన క్లాసు ముంగట స్టూలేసుకొని కూసున్నదాన్ని, నన్నడుగుండ్రి. కొత్తపేటల మా ప్రైవేటు బడికి నేను ఆయాను, ఆయన పదో తరగతికి లెక్కల సారు. భీమవరం దిక్కు మనిషి. పెండ్లాం లేదు, పిల్లలు లేరు. దిల్‌సుఖ్‌నగర్ల ఒక గది కిరాయికి తీసుకొని ఉండేటోడు. లెక్కలంటే పానమిచ్చేటోడు. ఎవరన్న పిల్ల బోర్డు మీద కష్టమైంది చేస్తే చప్పట్లు కొట్టి ఎగిరేటోడు. చెయ్యకపోతే కొట్టేటోడు.

ఎట్ల కొట్టేటోడు! అరచేతుల మీద కాదు, చేతివేళ్ల గణుపుల మీద. బరిగె ఇరిగితే "అండాలమ్మా, ఇంకోటి తీసుకురా" అని కేకేసేటోడు. నాదర్‌గుల్ కాడ మా ఆడబిడ్డ ఇంటెనక చింతచెట్టుంది. ఐతారం పోయి బరిగెలు కోసుకొచ్చి, కణుపులు చెక్కి, నూనె రాసి పెట్టేదాన్ని. కణుపులుంటే తోలు లేస్తది, రక్తమొస్తే తల్లిదండ్రులు లొల్లి పెడతరని నా భయం. అయ్యో, లొల్లేడిది? వాళ్లే గేటు కాడ చేతులు జోడిస్తుండె. "కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు తియ్యుండ్రి సారూ, లెక్కల్ల వందకు వంద రావాలె." దెబ్బకు దయ్యమన్న దిగొస్తదని నేను గూడ నమ్మిన. ఒకపారి ఒక పోరడు భయానికి ప్యాంటు తడుపుకుండు. తుడిచింది నేనే, "మంచిగ సదివితే గీ గతెందుకురా" అని తిట్టింది నేనే.

పదకొండో ఏడు నా బిడ్డ స్వప్న మా బడిలనే పదికొచ్చింది. దానికి లెక్కలంటే పిచ్చి. కరెంటు బిల్లు దొరికితే ఎనక పక్క లెక్కలు చేసేది. "ఇంజనీరింగ్ చదువుతనే అమ్మా" అనేది. ఒకనాడు పరీక్ష రాసొచ్చి, "ఒక లెక్క సారు చెప్పినట్ల చెయ్యలేదే, నా తీరుగ చేసిన" అన్నది. సారు పద్ధతి తప్పితే ఏమైతదో నాకెరుక.

పేపర్లు ఇచ్చే దినం పొద్దుగాల్నే పోయి, ఉన్న నాలుగు బరిగెలు బాత్రూముల ఎనక పడేసిన. ఊరందరి పిల్లలకు చెక్కి ఇచ్చిన చేతులు, నా బిడ్డ కాడికొచ్చేసరికి పారేసినయి. పీడ పోయిందనుకున్న.

సారు బల్ల కింద దేవులాడిండు. బరిగె దొరకలే.

"స్వప్నా, లే! నేను చెప్పిన పద్ధతిలో ఎందుకు చెయ్యలేదు? ఎవరి దగ్గర కాపీ కొట్టావు?"

"కాపీ కాదు సార్. బొమ్మ గీస్తే తొందరగ వొచ్చింది."

"నాకే పాఠం చెప్తావా!"

కట్టె లేని చెయ్యి లేచింది. చెవి మీద పడ్డది. పిల్ల బెంచీకి గుద్దుకొని కింద పడ్డది. లేస్తుంటే ఇంకోటి, అదే చెవికి. నేను ఉరికొచ్చేసరికి చెవిలకెళ్లి రక్తం కారి యూనిఫాం తడిసింది.

ఎల్బీనగర్ల దవాఖానకు తీసుకపోతే, కర్ణభేరి చినిగింది, మునుపటి లెక్క ఇనబడుతదని చెప్పలేనన్నడు డాక్టరు. గంటకు సారు ఆ పేపరు పట్టుకొని ఉరికొచ్చిండు. నేను చెప్పు తీసిన. "నీ చెయ్యిరిగిపోను! నీకు పుట్టగతులుండయిరా!" మొకం మీద, నెత్తి మీద, ఏడ తాకితే ఆడ. కండ్లద్దాలు పగిలినయి, పెదవి చిట్లింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలే. నాకింకా మంటెక్కింది. వాచ్‌మన్ వచ్చి గుంజేదాంక కొట్టిన.

సారు గోడకానుకొని స్వప్న దిక్కు పేపరు చాపిండు. "ఆటోలో వస్తూ చేసి చూశానమ్మా. నీ లెక్క రైటే. నాకంటే దగ్గర దారి. నాకే అర్థం కాలేదు. మళ్లీ క్లాసుకు రా తల్లీ, ఇక ఎవర్నీ కొట్టను."

స్వప్న పేపరు తీసుకున్నది. చింపుతదనుకున్న. మడిచి ఆయన చేతిలనే పెట్టింది.

"నాకింక లెక్కలొద్దు సార్."

అంతే. చెప్పుదెబ్బలకు కదలని మనిషి నేల మీద కూలవడి ఏడ్చిండు.

"గట్లనకు బిడ్డా, నిన్నింక ఎవడన్న ముట్టుకుంటే నరుకుత" అన్న నేను.

అది మంచి చెవి నా దిక్కు తిప్పింది. "మా క్లాసోళ్లందరిని కొట్టినప్పుడు నీ చెప్పు ఏడ వోయిందే అమ్మా?"

జూన్ల ఇంటర్‌కు పోయి, లెక్కలు లేని గ్రూపేదో అడిగి దాంట్లనే చేరింది.