తూము దగ్గర ఏడుపు

“అవ్, నల్లమందే. గట్ల కండ్లు పెద్దగ జేస్తవేంది? అప్పట్ల ఉప్పు లేని ఇల్లన్న ఉండె గని నల్లమందు లేని ఇల్లు లేకుండె. జర మెల్లగ మాట్లాడు బిడ్డా, లోపల పిల్ల పండుకున్నది.”

పొద్దున్నే పాత ముచ్చట్లు అడగవచ్చిన మనిషితో అని, కాశమ్మ గొంతు తగ్గించి తలుపు వైపు చూసింది. లోపల ఆమె మునిమనుమరాలు, ఒకటో తరగతి చదివే పిల్ల, దుప్పటి కాళ్లతో తన్నేసి అడ్డంగా పడుకుని ఉంది. కాశమ్మకు తొంభై దాటాయి. చూపు మందగించింది గాని, పక్కగదిలో పిల్ల ఊపిరి ఎట్లా ఆడుతున్నదో ఇక్కణ్ణించే చెప్పగలదు. ఒడిలో చిక్కుడుకాయలు వేసుకుని, ఈనె తీస్తూ, మళ్లీ మొదలుపెట్టింది.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద నాటుకూ కలుపుకూ పోయే తల్లులంతా చేసే పనే అది. పొద్దున్నే ఆవగింజంత నల్లమందు పాలచుక్కలో నలిపి పసివాడి నాలుకకు రాస్తారు. గట్టు మీద చీర ఉయ్యాలలో వేస్తే ఎండ తిరిగేదాకా వాడు కదలడు. మడిలో వంగిన తల్లి నడుము ఎత్తనక్కర్లేదు, దొర మనిషి చేత తిట్లు తిననక్కర్లేదు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. కాశమ్మ కొడుకు బాలస్వామికి అప్పుడు ఐదో నెల. రోజూ వాడి నాలుకకు ఆ మందు రాయడం అత్త వజ్రమ్మ వంతు.

అది నిజాం రాజ్యం చివరి భాద్రపదం. ముందురోజు దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లు వాళ్ల వాడలో అన్నం తిని పోయారని ఎవరో రజాకార్లకు చేరవేశారు. పొద్దెక్కుతుండగా లారీ చప్పుడైంది. మగవాళ్లు అప్పటికే గుట్టల్లోకి పోయారు. చెరువులో చేపలు పట్టే కాశమ్మ మొగుడు దశరథ కూడా వల గడప మీదే వదిలేసి పోయాడు. ఇక ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేలోకి ఉరికారు. మోకాళ్లు పట్టేసిన వజ్రమ్మ కదల్లేదు.

“ముసల్దాన్ని, నన్నేం జేస్తరే? నువ్వు ఉరుకు,” అని నిద్రపోతున్న పిల్లాణ్ణి కోడలి చేతుల్లో పెట్టింది. అంతే చెప్పింది.

చేను మనిషి ఎత్తు దాటింది. లోపల ఊపిరాడని ఉక్క. పక్కింటి అనంతమ్మ పాక్కుంటూ దగ్గరికొచ్చి నల్లమందు దాచిన కొంగుముడి విప్పింది.

“నాకియ్యే కాశీ నీ పోరణ్ణి. జర మందు నాలుకకు రాస్త.”

“నిద్రల్నే ఉన్నడక్కా.”

“ఇప్పుడున్నడు. లేస్తే? గీడు నోరు తెరుస్తే చెరువవతల ఇనవడ్తది. మొన్న గీని ఏడుపుకే గదనే నా బర్రె పలుపు తెంపుకొని ఉరికింది!”

ఎవరూ నవ్వలేదు. అందరి కళ్లూ కాశమ్మ ఒడి మీదే ఉన్నాయి. కూలికి పోని రోజు కదా, అత్త పెట్టి ఉండదనుకుంది కాశమ్మ. పిల్లాడి దవడ కొంచెం నొక్కింది. అనంతమ్మ వేలు వాడి నోట్లోకి పోయి వచ్చింది.

బూట్ల చప్పుడు చేను పక్క బాటకు వచ్చింది. ఎవరో తుపాకీ మడమతో జొన్నలు పక్కకు తోశారు. ఆకులు గలగలమన్నాయి. నవ్వులు, తిట్లు, దూరంగా ఎవరిదో తలుపు పగిలిన చప్పుడు. పిల్లాడు కదల్లేదు. “నా బంగారుకొండ,” అనుకుంది కాశమ్మ.

బాట మీద చప్పుడు కొంచెం దూరమైంది. అప్పుడు ఒక ఈగ వచ్చి వాడి పెదవి మీద వాలింది. వాడి పెదవి వణకలేదు. ఈగ ముక్కు దాకా పాకింది. అయినా వాడు మొహం తిప్పలేదు.

కాశమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుంది. రొమ్ము అందించింది. నిద్రలోనైనా చప్పరించే పిల్లాడు చప్పరించలేదు. పాలు నోట్లోంచి చెంప మీదకు కారాయి. తుడుస్తుంటే గడ్డం కింద ఎండి అంటుకున్న నల్లటి చార తగిలింది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. చేదు. ఎండిపోయిన చేదు. ఇప్పటిది కాదు, పొద్దుటిది.

ఆమె వాడి తొడ గట్టిగా గిల్లింది. అనంతమ్మ చెయ్యి పట్టేసింది.

“పిచ్చి లేసిందానే?”

“అత్త పొద్దుగాల్నే పెట్టిందక్కా. రెండుసార్లయింది.”

అనంతమ్మ మొహం పాలిపోయింది. అయినా చెయ్యి వదల్లేదు. “లారీ ఇంకా ఆడ్నే ఉన్నది. ఏడిస్తే మనమందరం పోతం.”

“ఏడవకపోతే వీడు పోతడు.”

వాడి ఊపిరి ఒకటి వచ్చి, ఆగి, ఎంతకో గాని ఇంకొకటి రావడం లేదు. చుట్టూ తల్లులు తమ తమ పిల్లల్ని ఇంకా గట్టిగా అదుముకున్నారు. ఎవర్నీ ఏమీ అనలేని చోట కూచుని కాశమ్మ చెవులు రిక్కించింది. కట్ట దిక్కునుంచి ఒకటే హోరు. వానలకు చెరువు నిండి ఉంది, తూములోంచి నీళ్లు విరుచుకుపడుతున్నాయి. అక్కడ దశరథ చేపల బుట్టలు పెడుతున్నప్పుడు ఆమె గట్టు మీంచి ఎంత అరిచినా అతనికి వినపడేది కాదు. ‘నీకు చెవుడు’ అని ఎన్నిసార్లు తిట్టిందో.

పిల్లాణ్ణి కొంగుతో పొట్టకు కట్టుకుంది. జొన్న మొదళ్ల మధ్య మోకాళ్ల మీద పాకింది. కర్రలు గీరిన చోటల్లా మంట. చేను అంచున ఆగి చూసింది. లారీ దగ్గర నలుగురైదుగురు బీడీలు కాలుస్తున్నారు. ఒకడు ఇటు తిరిగితే చాలు. వాళ్లు పట్టుకొచ్చిన కోళ్లు అరుస్తుంటే అటు చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వులో ఆమె కాలువలోకి జారింది.

తూము రాతిగోడల మధ్య నీళ్లు నడుము దాకా ఉన్నాయి. వాడి కాళ్లు నీళ్లలో ముంచింది. మొహాన చల్లింది. అరికాలి మీద చరిచింది. “లే నాయినా, లే బాల్‌గా! మొన్నటిలెక్క ఏడువురా, బర్రెల్ని బెదరగొట్టురా!” తన గొంతు తనకే వినపడలేదు.

కట్ట మీద బూట్లు కనిపించాయి. మొహం కడుక్కోవడానికో ఏమో, ఒకడు తూము పైకి వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పిల్లాడి నోరు తెరుచుకుంది. మొహం కందగడ్డయింది. ఒళ్లంతా బిగబట్టి ఏడ్చాడు. కాశమ్మ చెయ్యి దానంతటదే వాడి నోటి మీదకు పోయింది, మధ్యలో ఆగిపోయింది.

“ముయ్యబుద్ధి గాలే బిడ్డా. మూస్తే మళ్ల తెరుస్తడో లేదో,” అంది కాశమ్మ, చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపి.

ఆనాడు ఆమె చెయ్యి దించి తూము గోడకు అతుక్కుపోయింది. పైన ఆ మనిషి ఉమ్మేశాడు, బీడీ ముక్క నీళ్లలో పడింది, బూట్లు తిరిగిపోయాయి. నీళ్ల హోరు ఆ ఏడుపును మొత్తం మింగేసింది. లారీ పోయిందని తెలిశాక కూడా ఆమె పిల్లాణ్ణి నిద్రపోనివ్వలేదు. పొద్దుగూకేదాకా గిల్లుతూ, పాటలు పాడుతూ, నీళ్లు చల్లుతూ తిప్పింది. కళ్లు తేటబడి రొమ్ము పట్టాకే కింద కూచుంది.

వజ్రమ్మ విని నెత్తి కొట్టుకుంది. మందు డబ్బీ తీసుకుని, నడవలేని మోకాళ్లతోనే కట్ట దాకా పోయి చెరువులోకి విసిరింది. కొన్నాళ్లకే మిలిటరీ వచ్చింది, నిజాం దిగిపోయాడు. గుట్టలు పట్టిన దశరథ ఇల్లు చేరాడు.

మళ్లీ నాట్లు వచ్చేసరికి అనంతమ్మే వచ్చి తన బిడ్డను కాశమ్మ ఒడిలో పెట్టింది. “నీ వంతు మునుము మేం నాటుతం. పిల్లల్ని నువ్వు చూడు. మందు మాత్రం వద్దు.” ఆనాటి నుంచి గట్టు మీద పసివాళ్లంతా కాశమ్మ వాళ్లే అయ్యారు. చూసీ చూసీ నేర్చుకుంది. పురిటి పిల్లకు పాలకు లేచి మళ్లీ పడుకోవడమే పని. పాకే పిల్లకు పగలు రెండు కునుకులు కావాలి, నడిచే పిల్లకు ఒకటి చాలు. బడి ఈడు పిల్లకు పగటి కునుకు పోతుంది గనుక ఆ బాకీ అంతా రాత్రే తీరాలి. మీసాలొచ్చే పోరగాళ్లు పొద్దెక్కి లేస్తే సోమరులని తిట్టేవాళ్లను ఆమె తిట్టేది, ఎదిగే ఒంటికి నిద్ర కావాలని.

“నిద్ర దానంతటది రావాలె, దానంతటది పోవాలె. మనం తెచ్చొద్దు, మనం గుంజొద్దు. బాల్‌గాడా? ఇనవడ్తలేదా, పక్కింట్ల గురక? మనుమలను ఎత్తిండు గని గురక తగ్గలే.”

వీధి చివర బడి వాన్ హారన్ మోగింది. కాశమ్మ ఉలిక్కిపడింది. చిక్కుడుకాయలు ఒడిలోంచి జారాయి. లోపల పిల్ల మూలిగి అటు తిరిగింది.

“రాత్రి పెండ్లికి పోయి పొద్దువోయి పండుకున్నది ఈ పిల్ల. కండ్లు మూసుకొని ఉండంగనె పండ్లు తోముతరు, అంగీ తొడుగుతరు, మూటలెక్క ఎత్తి అండ్ల ఏస్తరు. ఇయ్యాల నేను లేపనియ్య. నువ్వు ఆ వాన్ పోయే శేరిగూడ దిక్కే కద పోతున్నవ్? ఉరుకు బిడ్డా, ఆ వాన్ తోలే హన్మంత్‌కు చెప్పు, మా గల్లీల హారన్ కొట్టొద్దని. పిల్ల లేచినంక నేనే ఎంబడి తీస్కపోత. పో... తలుపు జర మెల్లగ దగ్గరికెయ్.”